మోజాక్ వగరు: లిమూ బుడగల వైన్ గురించి

బుడగల వైన్ అనగానే బెంగళూరులోని తెలుగు ఇళ్లలో వినిపించే పేర్లు నాలుగైదుకు మించవు. పెద్ద సందర్భమైతే షాంపేన్, మామూలు ఆదివారానికి ఇటలీ ప్రొసెక్కో, అదీ కాకపోతే నాసిక్ నుంచి వచ్చే మన దేశపు సీసా. వాటికి వాడే ద్రాక్షలు కూడా వైన్ తాగేవారికి అలవాటైనవే: షార్డొనే, పినో న్వార్, గ్లేరా, షెనిన్ బ్లాంక్. ఈ వరుసలో ఎక్కడా కనిపించని తెల్లద్రాక్ష మోజాక్. దక్షిణ ఫ్రాన్స్‌లో లిమూ అనే చిన్న పట్టణం చుట్టుపక్కల ఊళ్లలో ఈ ద్రాక్షతో చేసే వైన్‌ను బ్లాంకెట్ ద లిమూ అంటారు. దానిలో తీపి దాదాపు లేని బ్రూట్ రకం గురించే ఈ వ్యాసం. దీన్ని మెచ్చుకునేవారు సైతం సాధారణంగా “చవకలో దొరికే షాంపేన్” అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆ వైన్‌కు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. షాంపేన్‌లో వెతికే గుణాలను ఇందులో వెతికితే ఇది తక్కువ రకంగానే తోస్తుంది. మోజాక్ ద్రాక్షకు సొంతమైన రుచిని వెతికితే మాత్రం దీనికి సాటి వచ్చేవి అరుదు.

ఈ వైన్ మా ఇంటికి రావడానికి కారణం విమానాలు. విమానాల తయారీకి పేరుపడ్డ తులూజ్ నగరానికీ బెంగళూరుకూ మధ్య ఇంజినీర్ల రాకపోకలు నిత్యం ఉంటాయి, మా బావమరిది కూడా ఆ పని మీదే తరచుగా వెళ్లివస్తుంటాడు. తులూజ్ నుంచి లిమూ సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి కిరాణా దుకాణాల్లో షాంపేన్ పక్కనే, దాని ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో ఈ సీసాలు దొరుకుతాయి. పది యూరోల అటూ ఇటూగా మంచి సీసానే వస్తుంది.

మోజాక్ ఆలస్యంగా చిగురించి ఆలస్యంగా పండే ద్రాక్ష. ఈ ఒక్క లక్షణంలోనే లిమూ వైన్ చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది. లిమూ పట్టణం ఓద్ నది ఒడ్డున, కార్కసోన్ కోటకు దక్షిణాన, పిరనీస్ పర్వతాల పాదాల దగ్గర ఉంటుంది. తూర్పు నుంచి మధ్యధరా సముద్రపు వేడి, పడమటి నుంచి అట్లాంటిక్ తేమ, దక్షిణాన కొండల చలి ఈ మూడూ అక్కడ కలుస్తాయి. అందువల్ల చుట్టూ ఉన్న లాంగ్‌డాక్ ప్రాంతం ఎర్రటి, ఘాటైన వైన్లకు పేరుపొందినా, ఈ ఒక్క లోయ మాత్రం పులుపు నిలిచే తెల్లద్రాక్షకు అనువుగా మిగిలింది. ఆలస్యంగా పండిన మోజాక్‌ను పూర్వం శరదృతువు బాగా ముదిరాక కోసేవారు. రసం పులియడం మొదలయ్యేసరికి చలికాలం ముంచుకొచ్చేది. రసాన్ని పులియబెట్టే ఈస్ట్ చలికి మొద్దుబారి, అందులోని చక్కెర పూర్తిగా పులియకముందే పని ఆపేసేది. వసంతంలో వాతావరణం వేడెక్కగానే మిగిలిన చక్కెర మీద మళ్లీ పని మొదలుపెట్టేది. ఈలోపు ఆ వైన్‌ను మూత బిగించిన పాత్రలోకి ఎక్కించి ఉంటే, రెండోసారి పుట్టిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోయే దారిలేక వైన్‌లోనే కరిగిపోయేది. అంటే ఈ బుడగలను ఎవరో మేధావి కూర్చుని కనిపెట్టనక్కరలేదు. ఆలస్యంగా పండే కాయ, చలికాలం, మూత, ఈ మూడూ ఉంటే చాలు, వాటంతట అవే పుడతాయి.

అయినా కనిపెట్టినవారెవరన్న వాదం మాత్రం లిమూలో ఈనాటికీ జోరుగా సాగుతుంది. పట్టణానికి దగ్గరలోని సేంత్ ఇలేర్ మఠంలో బెనెడిక్టైన్ శాఖ క్రైస్తవ సన్యాసులు 1531లోనే బుడగల వైన్ చేశారనీ, ప్రపంచంలో అదే మొదటిదనీ అక్కడి సీసాల మీద, బోర్డుల మీద రాసి ఉంటుంది. షాంపేన్ పేరు చెప్పగానే అందరూ తలచుకునే సన్యాసి దోం పెరిన్యోఁ పుట్టింది 1638లో, షాంపేన్ ప్రాంతపు ఓవిలే మఠంలో భాండాగార బాధ్యత చేపట్టింది 1668లో. కాబట్టి తమకు వంద సంవత్సరాలకు పైగా ఆధిక్యం ఉందని లిమూవారి లెక్క. దోం పెరిన్యోఁ సేంత్ ఇలేర్ మఠంలో బస చేసి రహస్యం పట్టుకుపోయాడనే కథ కూడా చెబుతారు గానీ, దానికి ఆధారం లేదు.

నాకు 1531 విషయంలో కొంత సందేహం ఉంది. బుడగల వైన్ నిలవాలంటే ఒత్తిడికి పగలని గాజుసీసా కావాలి. అటువంటి గట్టి గాజు ఇంగ్లండులో 17వ శతాబ్దంలో వచ్చింది. ఓడల నిర్మాణానికి కలప కొరత రాకుండా 1615లో రాజు జేమ్స్ గాజు కొలుముల్లో కట్టెలు కాల్చడాన్ని నిషేధించగా, గాజు తయారీదారులు నేలబొగ్గుకు మారారు. బొగ్గు వేడి ఎక్కువ కావడంతో గాజు మందంగా, గట్టిగా తయారైంది. వైన్‌కు చక్కెర కలిపి బుడగలు పుట్టించే పద్ధతిని క్రిస్టఫర్ మెరెట్ అనే ఆంగ్లేయుడు 1662లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వర్ణించాడు. ఇవన్నీ దోం పెరిన్యోఁ ఓవిలేకు రాకముందు సంగతులే. కాబట్టి 1531లో లిమూలో తాగింది నాలుక మీద కాస్త చురుక్కుమనే, త్వరగా తాగేయవలసిన వైనే అయ్యుంటుంది తప్ప, ఈనాడు మనం బిరడా విప్పితే పొంగే వైన్ కాకపోవచ్చు. మోజాక్‌కూ బుడగలకూ ఉన్న చుట్టరికం చాలా పాతదని చెప్పడానికి ఈ తేదీ పోటీ అవసరమే లేదు.

ఫ్రెంచి చట్టం ఈ వైన్ పేరుకు 1938లో రక్షణ కల్పించింది. నేటి నియమాల ప్రకారం లిమూ నుంచి మూడు రకాల బుడగల వైన్లు వస్తాయి, కొనేటప్పుడు వీటి మధ్య తేడా తెలియకపోతే ఇబ్బందే. బ్లాంకెట్ ద లిమూలో కనీసం 90 శాతం మోజాక్ ఉండాలి. మిగిలిన భాగాన్ని షార్డొనేతో గాని షెనిన్ బ్లాంక్‌తో గాని నింపవచ్చు. 1990లో పుట్టిన క్రెమాఁ ద లిమూలో షార్డొనే, షెనిన్‌లదే పెత్తనం, మోజాక్ పాత్ర కొద్దిపాటిదే. మూడోది పాత పద్ధతిలో చేసే మెథడ్ ఆన్సెస్త్రాల్. అది నూటికి నూరు శాతం మోజాక్, పులియడం మధ్యలో ఆగిపోవడం వల్ల తియ్యగా, సుమారు 7 శాతం మాత్రమే ఆల్కహాలుతో ఉంటుంది. ఆపిల్ రసం తాగినట్టే అనిపిస్తుంది గనుక మా ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చింది అదే. నా దృష్టిలో అది భోజనం తరువాత ఒక చిన్న గ్లాసుకు బాగుంటుంది, అంతకు మించి సాగదు.

క్రెమాఁ రాక వెనుక వ్యాపార కారణం స్పష్టంగా కనిపిస్తుంది. షార్డొనే పేరు ప్రపంచమంతా తెలుసు, దాని రుచి షాంపేన్‌కు దగ్గరగా ఉంటుంది, అమ్మడం తేలిక. మోజాక్ పేరు ఫ్రాన్స్‌లోనే చాలామందికి తెలియదు. లిమూ, గయ్యాక్ ప్రాంతాలు దాటితే దాదాపు కనిపించదు. పేరున్న పంట వచ్చినప్పుడు పేరులేని పంట మడిలోంచి జారుకోవడం మన ఊళ్లలోనూ చూస్తున్నదే. లిమూలో మంచి క్రెమాఁలు చాలా ఉన్నాయి, వాటిని తక్కువ చేయడం లేదు. కానీ మంచి షార్డొనే బుడగలు చాలా దేశాల్లో దొరుకుతాయి. అంత దూరం నుంచి సీసా మోసుకొచ్చేటప్పుడు మరెక్కడా దొరకనిదాన్నే తెచ్చుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

బ్రూట్ తయారీ షాంపేన్ తయారీ వంటిదే. చేత్తో కోసిన ద్రాక్షను మెల్లగా పిండి, రసాన్ని తొట్టెల్లో పూర్తిగా పులియనిస్తారు. చక్కెర మిగలని, పులుపెక్కువైన, ఇంకా బుడగలు లేని వైన్ వస్తుంది. దానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కాస్త ఈస్ట్ కలిపి సీసాల్లో మూసేస్తే, లోపలే రెండోసారి పులిసి మామూలు గాలి ఒత్తిడికి సుమారు ఆరు రెట్ల ఒత్తిడి పుడుతుంది. పని ముగిసిన ఈస్ట్ అడుగున మడ్డిగా చేరుతుంది. ఆ మడ్డి మీద వైన్ ఎన్ని నెలలుంటే అంతగా రొట్టె వాసన, వేయించిన గింజల వాసన దానికి పడతాయి. ఆ తరువాత సీసాలను తలకిందులు చేసి, మడ్డి మూతి దగ్గరికి జారాక మూతిని గడ్డకట్టించి, మూత తీసి ఆ గడ్డను చిమ్మించి, తగ్గిన మేర వైన్‌తో నింపి బిరడా బిగిస్తారు. ఈ నింపే వైన్‌లో ఎంత చక్కెర కలిపారన్నదాన్ని బట్టి అది బ్రూటా కాదా తేలుతుంది. లీటరుకు 12 గ్రాముల లోపైతే బ్రూట్, 6 గ్రాముల లోపైతే ఎక్స్‌ట్రా బ్రూట్, అసలేమీ కలపకుండా 3 గ్రాముల లోపుంటే బ్రూట్ నేచర్. సీసా మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే మాత్రం అందులో 12 నుంచి 17 గ్రాముల దాకా ఉంటుంది, అంటే బ్రూట్ కంటే తియ్యన. ఈ మాటలు పెట్టినవారికి కొనేవారి మీద ఏమాత్రం దయ లేదు.

వీటన్నిటిలోనూ మోజాక్ విషయంలో కీలకమైనది మడ్డి మీద ఉంచే కాలమని నేననుకుంటాను. బ్లాంకెట్‌కు చట్టం అడిగేది తొమ్మిది నెలలు. ఏ సంవత్సరమో చెప్పని మామూలు షాంపేన్‌కైనా సీసాలో మొత్తం 15 నెలలు, సంవత్సరం వేసిన షాంపేన్‌కు మూడేళ్లు ఉండాలి. ఎక్కువ కాలం ఉంచిన వైన్‌లో ద్రాక్ష వెనక్కి తగ్గి, ఈస్ట్ ముందుకు వస్తుంది. తొమ్మిది నెలల్లో ద్రాక్ష ఇంకా ద్రాక్షగానే ఉంటుంది. షార్డొనే వంటి సాధు స్వభావపు రుచి గల ద్రాక్షకు ఆ రొట్టె వాసన అలంకారమే కావచ్చు గానీ, మోజాక్‌కు తనదైన వాసన ముందే ఉంది, దాన్ని మరుగుపరిస్తే మిగిలేదేమీ లేదు. అందుకే ఎక్కువ నెలలు ఉంచామని గొప్పగా చెప్పుకునే ఖరీదైన బ్లాంకెట్ల కంటే, కుదురుగా చేసిన మామూలు బ్రూట్ సీసాలే నాకు ఎక్కువ నచ్చుతాయి.

ఇక రుచి. గ్లాసులో పోయగానే వచ్చేది ఆపిల్ వాసన, అదీ గుజ్జు వాసన కాదు, కత్తితో తీసిన తొక్క వాసన. దాని వెనుక కాస్త బేరిపండు, ఎండుగడ్డి ఛాయ. నోట్లో మొదట పులుపు చురుక్కుమంటుంది, బుడగ త్వరగా విచ్చుకుంటుంది. మింగాక మాత్రం దోర జామకాయ తొక్క దగ్గర ఉండే వగరు వంటిది, దాని చివర సన్నటి చేదు, నాలుక అంచుల్లో నిలుస్తాయి. మొదటిసారి తాగినవారికి ఈ వగరు లోపంగా తోచవచ్చు. “బావగారూ, పులుపు బాగుంది కానీ, చివర ఈ చేదేమిటి? సీసా ఏమైనా పాడైందా?” అని తెచ్చినవాడే నన్ను అడిగాడు. పాడైన వైన్‌కు తడి అట్టపెట్టె వాసన వస్తుంది, లేదా ఆపిల్ నలగి రంగు మారినప్పటి వాసన వస్తుంది. ఇది ఆ రెండూ కాదు, ద్రాక్ష తెచ్చిన గుణం. మేము వాదించుకుంటూండగానే మా ఆవిడ వంటింట్లోంచి గారెలు తెచ్చి పెట్టింది. రెండో గారె తరువాత అతడు చేదు సంగతి ఎత్తలేదు.

ఆంధ్ర భోజనానికి ఏ వైనూ సరిపడదని ఒక మాట బెంగళూరులో తరచుగా వినబడుతుంది. అందులో సగం నిజముంది. కారం బాగా దట్టించిన కూరతో బుడగల వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. మిరపకాయలోని ఘాటు పదార్థం వేడిని గుర్తించే నరాలను రెచ్చగొడుతుంది. ఆల్కహాలు అవే నరాలను మరింత సున్నితం చేస్తుంది. బుడగల్లోని వాయువు నాలుక మీద ఆమ్లంగా మారి తన వంతు చురక తాను పెడుతుంది. గుంటూరు కోడివేపుడుతో బ్రూట్ తాగడం వైన్‌కూ కోడికీ మర్యాద కాదు. అంతకంటే తక్కువమంది గమనించే సంగతి పులుపు గురించి. ద్రాక్షలో ముఖ్యమైన టార్టారిక్ ఆమ్లమే చింతపండులోనూ ముఖ్యమైనది, ఇంకా ఎంతో ఎక్కువ మోతాదులో. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. అందుచేత పులిహోర, చేపల పులుసు, గోంగూర ఈ మూడింటితోనూ ఈ వైన్ నీళ్లలా తోస్తుంది. పులుపుకు పులుపు జోడీ అని నమ్మేవారు ఒకసారి పులిహోరతో తాగి చూడవచ్చు.

సరిపడేవి ఉప్పు, నూనె, పప్పు. మినప్పిండికీ పెసరపిండికీ ఉన్న కమ్మదనాన్ని మోజాక్ వగరు చక్కగా కోస్తుంది, నూనెను బుడగ తుడుస్తుంది. గారెలు, పెసరట్టు, చేగోడీలు, మిరియం వేసిన జంతికలు, నెయ్యిలో వేయించిన జీడిపప్పు, పసుపూ ఉప్పూ మాత్రమే రాసి వేయించిన వంజరం ముక్క, వీటితో ఈ వైన్ ఎప్పుడూ నిరాశపరచలేదు. పెసరట్టుకు అల్లం పచ్చడి లేకపోతే ఎలా అనేవారు పచ్చడిని కాసేపు పక్కన పెట్టి, గ్లాసు అయిపోయాక తెచ్చుకోవాలి. కాకరకాయ వేపుడు సంగతి అనుమానాస్పదం: చేదూ చేదూ కలిసి కొందరికి నచ్చింది, నాకు నచ్చలేదు. లిమూవారు తమ వైన్‌తో పెబ్రాదూ అనే మిరియాల బిస్కెట్లు కొరుకుతారని తెలిశాక, మిరియం జంతికల మీద నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఇంతకీ ఇటువంటి వైన్‌ను మన దగ్గర చేయవచ్చు కదా అన్న ప్రశ్న బెంగళూరులో సహజంగానే వస్తుంది. నంది కొండల పాదాల దగ్గర గ్రోవర్ వారి తోటలు ఉన్నాయి, నాసిక్‌లో షెనిన్ బ్లాంక్‌తో బుడగల వైన్ చేస్తున్నారు. కానీ లిమూలో బుడగలకు పుట్టుక ఇచ్చిన చలికాలం ఇక్కడ లేదు. మన దక్కనులో ద్రాక్షతీగ నిద్రపోదు. రెండుసార్లు కత్తిరించి, వర్షాకాలపు కాపును వదులుకుని, చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేలోపు పంట తీస్తారు. ఎండ పెరిగే కొద్దీ కాయలో తీపి పెరిగి పులుపు పడిపోతుంది కాబట్టి, బుడగల వైన్‌కు కావలసిన కాయను ముందుగానే కోయాలి. మోజాక్ వంటి నిదానపు ద్రాక్ష ఈ పరుగులో నెగ్గగలదని నేననుకోను. మన తెల్లద్రాక్ష అనగానే హైదరాబాద్ వారికి గుర్తొచ్చేది అనాబ్ షాహీ. అది తినే పండు, నీరెక్కువ, వైన్‌కు పలచన. బెంగళూరు చుట్టూ పండే దిల్‌ఖుష్ దాని వంగడమే. అనాబ్ షాహీని వేరే ద్రాక్షతో సంకరం చేసి, ఇక్కడి హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క సోమ అనే తెల్లద్రాక్షను వైన్ కోసమే రూపొందించింది. దానితో ఎవరైనా తీపి లేని బుడగల వైన్ చేసి మార్కెట్లో పెడితే కొనేవారి వరుసలో నేను ముందు నిలబడతాను.

విదేశీ వైన్ మీద మన దేశం ఎన్నో ఏళ్లుగా 150 శాతం దిగుమతి సుంకం వేస్తూ వచ్చింది, ఆపై రాష్ట్రపు పన్ను వేరు. ఆ లెక్కన పది యూరోల సీసా ఇక్కడి అంగట్లోకి వచ్చేసరికి షాంపేన్ ధర వైపు నడుస్తుంది. దిగుమతిదారులు కూడా పేరున్న వైన్లనే తెప్పిస్తారు. కాబట్టి తులూజ్ వెళ్లివచ్చేవారిని అడగడమే తెలివైన మార్గం. బ్లాంకెట్ అని మాత్రమే చెబితే తియ్యటి ఆన్సెస్త్రాల్ తెచ్చే ప్రమాదం ఉంది గనుక, బ్రూట్ అన్న మాట కాగితం మీద రాసివ్వాలి. తెచ్చిన సీసాను బెంగళూరు వాతావరణం చల్లనిదే కదా అని అల్మరాలో ఏడాది పాటు దాచకూడదు. మోజాక్ తాజాదనమే దాని ఆస్తి, వేసవి వేడికి అది మొదట పోతుంది. తాగడానికి మూడు నాలుగు గంటల ముందు ఫ్రిజ్‌లో పెట్టి, 6 నుంచి 8 డిగ్రీల మధ్య తీయాలి. బిరడాను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సీసాను తిప్పాలి. చప్పుడు ఎంత తక్కువైతే లోపల బుడగ అంత ఎక్కువ మిగులుతుంది. సన్నటి పొడుగు గ్లాసులో ఆపిల్ తొక్క వాసన బయటికి రాదు, కాస్త కడుపున్న మామూలు వైట్ వైన్ గ్లాసే మేలు. విమానంలో ఒక్కొక్కరికి సుంకం లేకుండా అనుమతించేది రెండు లీటర్లే కాబట్టి, 750 మిల్లీలీటర్ల సీసాలు రెండుకు మించి అడగకూడదు. మూడోది కలిస్తే రెండుంబావు లీటర్లవుతుంది, అప్పుడు విమానాశ్రయంలో ఎర్ర దారిన వెళ్లి సుంకం కట్టవలసింది మనం కాదు, తెచ్చినవారు.